డీబీఎంఎస్ ల్యాబ్‌లో తగిలే తంటాలు: లక్షణం, కారణం, పరిష్కారం

రెండో సంవత్సరం డీబీఎంఎస్ (డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్) ల్యాబ్‌లో ఎర్రర్ రాగానే అందరూ చేసే పని ఒకటే. ఆ నంబరు గూగుల్‌లో కొట్టి, మొదట కనబడిన లైను తెచ్చి పేస్ట్ చేయడం. ఒక్కోసారి పని జరిగిపోతుంది కూడా, అదే అసలు ఇబ్బంది. ఎందుకంటే కింద చెప్పబోయేవాటిలో చాలామటుకు క్వెరీలో (డేటాబేస్‌కి ఇచ్చే కమాండ్‌లో) తప్పులు కావు. టేబుల్ గీసిన రోజే, ఇందులో ఒక్క వరుస అంటే ఏమిటో తేల్చుకోకుండా క్రియేట్ టేబుల్ కొట్టేయడం వల్ల వచ్చినవి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0 అనుకుని చదవండి, ఒరాకిల్ అనే ఇంకో డేటాబేస్‌లో తేడా ఉన్నచోట చెప్తాను.

సప్లీ మార్కులు ఎక్కించబోతే 'డూప్లికేట్ ఎంట్రీ' (1062)

మార్కుల టేబుల్‌కి హాల్‌టికెట్ నంబరు, సబ్జెక్ట్ కోడ్ కలిపి ప్రైమరీ కీ (ఒక్కో వరుసని గుర్తించేది, రెండోసారి రాకూడనిది) పెట్టారు. రెగ్యులర్ మార్కులన్నీ చక్కగా ఎక్కాయి. మ్యాథ్స్ తప్పిన కుర్రాడు సప్లీ రాసి 42 తెచ్చుకున్నాడు, ఆ వరుస ఇన్సర్ట్ చేయబోతే 1062.

ఇక్కడ జనం చేసే రిపేర్లు రెండు. ఒకటి, ఉన్న వరుసనే అప్‌డేట్ చేసేయడం. దాంతో వాడు మొదటిసారి తప్పాడన్న సంగతే మాయమవుతుంది, రేపు ఎవరెవరు ఎన్ని అటెంప్ట్‌లలో పాసయ్యారో చెప్పమంటే జవాబు ఉండదు. రెండోది, ఆటో ఇంక్రిమెంట్ ఐడీ (తనంతట తానే పెరిగే నంబరు) ఒకటి తగిలించి దాన్నే ప్రైమరీ కీ చేసేయడం. ఇది ఇంకా ప్రమాదం. ఎర్రర్ పోతుంది గానీ, అవే మార్కులు పొరపాటున రెండుసార్లు ఎక్కినా డేటాబేస్ కిమ్మనదు.

మీ టేబుల్ ప్రకారం ఒక వరుస అంటే 'ఒక విద్యార్థి, ఒక సబ్జెక్ట్'. కాలేజీలో జరిగేది 'ఒక విద్యార్థి, ఒక సబ్జెక్ట్, ఒక పరీక్ష'. కాబట్టి కీలో మూడోది చేర్చండి, ఏ నెల ఏ సంవత్సరం పరీక్షో చెప్పే కోడ్. ఐడీ కావాలంటే ఉంచుకోండి, కానీ ఆ మూడు కాలమ్స్ మీద యూనిక్ (ఆ కలయిక మళ్లీ రాకూడదన్న నిబంధన) పెట్టాల్సిందే. ప్రతి టేబుల్‌కీ 'ఇందులో ఒక వరుస అంటే...' అని మొదలయ్యే వాక్యం ఒకటి మీ ల్యాబ్ రికార్డు పుస్తకంలో రాసుకోండి. ఆ వాక్యం పూర్తి చేయలేకపోతున్నారంటే టేబుల్ ఇంకా తయారు కానట్టే.

మేడమ్ ఫోన్ నంబరు కొన్నిచోట్ల పాతది, కొన్నిచోట్ల కొత్తది

అదే మార్కుల టేబుల్లో విద్యార్థి పేరు, లెక్చరర్ పేరు, లెక్చరర్ ఫోన్ కూడా దూర్చేశారన్నమాట. సెక్షన్లో 60 మంది ఉంటే ఆ నంబరు 60 వరుసల్లో ఉంటుంది, అప్‌డేట్‌లో కండిషన్ కాస్త తేడాగా రాస్తే సగమే మారతాయి. ఇంకా రెండు లక్షణాలు దీనివే: కొత్తగా చేరిన లెక్చరర్‌కి పరీక్షలు అయ్యేదాకా టేబుల్లో చోటుండదు, పాత బ్యాచ్ మార్కులు డిలీట్ చేస్తే ఆ లెక్చరర్ వివరాలు కూడా వాటితోపాటే పోతాయి.

విద్యార్థి పేరు తెలియడానికి హాల్‌టికెట్ నంబరొక్కటే చాలు, మొత్తం కీ అక్కర్లేదు. అది సెకండ్ నార్మల్ ఫామ్ (టేబుళ్లు విడగొట్టే నియమాల్లో రెండోది) తప్పు. ఫోన్ నంబరు లెక్చరర్‌ని బట్టి ఉంటుంది, లెక్చరర్ కీని బట్టి. అంటే నేరుగా కాదు, మధ్యలో ఒకరిని పట్టుకుని వచ్చింది. అది థర్డ్ నార్మల్ ఫామ్ తప్పు. విడగొట్టండి: విద్యార్థులు వేరు, లెక్చరర్లు వేరు, ఎవరు ఏ సెక్షన్‌కి ఏం చెప్తున్నారన్నది వేరు. ఒకే సమాచారం రెండు చోట్ల ఉంటే పొంతన తప్పుతుందన్న గొడవ ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన అసలు పేపర్‌లోనే ఉంది, సిలబస్ వాళ్లు కొత్తగా కనిపెట్టిందేం కాదు. బీసీఎన్ఎఫ్ (థర్డ్ కంటే కాస్త కఠినమైన ఫామ్) వైవాలో అడుగుతారు కాబట్టి చదవండి. మామూలు ల్యాబ్ ప్రాజెక్టుకి థర్డ్ దాకా నిజాయితీగా చేస్తే చాలావరకు సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఫీజు రసీదులో ఆనాటి మొత్తం రాసి ఉంటే, అది ఫీజుల టేబుల్లో ఎలాగూ ఉంది కదా అని తీసేయకండి. వచ్చే ఏడాది ఫీజు పెరిగితే పాత రసీదు మారకూడదు. చూడటానికి ఒకే అంకె అయినా అవి రెండు వేర్వేరు నిజాలు.

ఫారిన్ కీ పెట్టాను, అయినా లేని విద్యార్థికి మార్కులు ఎక్కుతున్నాయి

ఫారిన్ కీ అంటే ఈ విలువ ఇంకో టేబుల్లో ఉండి తీరాలన్న నిబంధన. మీరు కాలమ్ పక్కనే రెఫరెన్సెస్ అని రాసి ఉంటారు. ఒరాకిల్‌లో అది చెల్లుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 దాన్ని చదివి, ఎర్రర్ ఇవ్వకుండా, పక్కన పడేస్తుంది. కాలమ్స్ అన్నీ అయ్యాక కింద విడిగా ఫారిన్ కీ లైను రాయాలి. షో క్రియేట్ టేబుల్ కొట్టి ఆ లైను నిజంగా ఉందో లేదో చూసుకోండి. చెక్ (విలువకి హద్దు పెట్టే నిబంధన) కూడా ఇంతే, 8.0.16 కంటే పాత వెర్షన్లలో మార్కులు 100 దాటకూడదని రాసినా 450 నిక్షేపంగా వెళ్లిపోతుంది.

దీనికి తిరగేసిన సమస్య 1452 ఎర్రర్. ఫారిన్ కీ పనిచేస్తోంది, మీరే విద్యార్థి కంటే ముందు మార్కులు ఎక్కిస్తున్నారు. బ్రాంచీలు, విద్యార్థులు, సబ్జెక్టులు, ఆ తర్వాతే మార్కులు. తీసేటప్పుడు అదే క్రమం వెనక నుంచి. ఫారిన్ కీ చెక్‌లు ఆపేసి ఎక్కించే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. మళ్లీ ఆన్ చేసినంత మాత్రాన మధ్యలో దూరిన తప్పు వరుసల్ని అది వెతకదు, అలాగే ఉండిపోతాయి.

మొబైల్ నంబరు ఎక్కట్లేదు (1264)

ఆ కాలమ్‌కి ఇంట్ (పూర్ణాంకాల రకం) పెట్టారు. దాని గరిష్ఠం 2147483647, మన మొబైల్ నంబర్లేమో 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలయ్యే పదంకెలవి, ఒక్కటీ పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువని ఆపే సెట్టింగు) ఆపేసి ఉంటే ఇంకా తమాషా, క్లాసులో అందరి నంబరూ 2147483647 అయిపోతుంది. బిగ్ఇంట్ (ఇంకా పెద్ద పూర్ణాంకాల రకం) కాదు, వార్‌చార్ (అక్షరాల రకం) పెట్టండి. కూడికలు, తీసివేతలు చేయని అంకెల్ని నంబరుగా దాచడం దండగ. డబ్బుకి మాత్రం డెసిమల్, ఫ్లోట్ వద్దే వద్దు.

కట్టిన ఫీజు 60,000, రిపోర్టులో 1,80,000

ఇది దొరకడం కష్టం, ఎందుకంటే ఎర్రర్ రాదు. ఒక అమ్మాయి ఫీజు రెండు వాయిదాల్లో కట్టింది, 35,000, 25,000. లైబ్రరీ నుంచి మూడు పుస్తకాలు తీసుకుంది. ఒకే రిపోర్టులో రెండూ చూపించాలని విద్యార్థుల టేబుల్‌కి ఫీజులు, పుస్తకాలు రెండింటినీ జాయిన్ చేసి (వరుసలు జతకలిపి) సమ్ కొట్టారు. రెండు వాయిదాలు, మూడు పుస్తకాలు కలిసి ఆరు వరుసలయ్యాయి, ప్రతి వాయిదా మూడుసార్లు లెక్కకొచ్చింది.

సమ్ లోపల డిస్టింక్ట్ పెడితే 60,000 వచ్చేస్తుంది, 'హమ్మయ్య' అనుకుంటారు. పక్క కుర్రాడు 30,000 చొప్పున రెండుసార్లు కట్టి ఉంటే వాడికి 30,000 మాత్రమే చూపిస్తుంది. సరైన దారి: ఫీజుల్ని ముందే సబ్‌క్వెరీలో గ్రూప్ బై చేసి విద్యార్థికి ఒక్క వరుస చేసుకోండి, పుస్తకాల్ని అలాగే లెక్కించండి, అప్పుడు జాయిన్ చేయండి. అనుమానం వచ్చినప్పుడల్లా సమ్ తీసేసి ఒక్క హాల్‌టికెట్‌కి ఉత్త వరుసలు చూడండి, తప్పు కంటికే కనబడుతుంది.

జవాబు ఖాళీగా వస్తోంది, లేదా సగటు తేడాగా ఉంది

ఏ ప్రాజెక్టుకీ గైడ్‌గా లేని లెక్చరర్లు కావాలని నాట్ ఇన్ రాశారు, ఉన్నారని మీకు తెలుసు, అయినా సున్నా వరుసలు. ప్రాజెక్టుల టేబుల్లో ఒకదానికి ఇంకా గైడ్‌ని వేయలేదు, ఆ నల్ (ఖాళీ విలువ) ఒక్కటి చాలు మొత్తం చెడగొట్టడానికి. నల్‌ని ఎవరితో పోల్చినా 'తెలియదు' అనే వస్తుంది మరి. నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి.

సగటుదీ అదే జాతి. మార్కులు 60, 70, 80, నాలుగో వాడు ఆబ్సెంట్. నల్ పెడితే సగటు 70, సున్నా పెడితే 52.5. ఏది కావాలో డేటాబేస్ చెప్పదు, మీ సార్‌ని అడగండి. ఆబ్సెంట్‌కి విడిగా ఒక కాలమ్ ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

తెలుగు పేర్లన్నీ ప్రశ్న గుర్తులు

టేబుల్ లేదా కనెక్షన్ పాత లాటిన్ క్యారెక్టర్ సెట్‌లో ఉంది. రెండింటినీ అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చండి. అయితే ప్రశ్న గుర్తులుగా దాచుకున్నవి మాత్రం తిరిగి రావు, మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే.

ఒరాకిల్‌లో ఇంకో రకం దెబ్బ, 12899 ఎర్రర్ (విలువ కాలమ్ సైజు దాటింది). 'రామలక్ష్మి' కంటికి నాలుగు అక్షరాలే. యూనికోడ్‌లో గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కేస్తే పది, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 30. అక్కడ వార్‌చార్2(20) అంటే మామూలుగా 20 బైట్లు. సైజు పక్కన చార్ అని చేర్చి 20 చార్ అని రాయండి, పట్టేస్తుంది.

రోల్‌బ్యాక్ కొట్టినా పాత డేటా రాలేదు

వేర్ (ఏ వరుసలో చెప్పే షరతు) మర్చిపోయి అప్‌డేట్ కొట్టాక రోల్‌బ్యాక్, అంటే మార్పుని వెనక్కి తీసుకునే కమాండ్, గుర్తొస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ (ప్రతి మార్పునీ వెంటనే ఖాయం చేసేది) ముందే ఆన్‌లో ఉంటుంది, కాబట్టి అప్పటికే అయిపోయింది. స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొట్టి, అదే వేర్‌తో ముందు సెలెక్ట్ చేసి ఎన్ని వరుసలొస్తున్నాయో చూసి, అప్పుడు అప్‌డేట్ చేయండి. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో కథ తిరగబడుతుంది, మీరు కమిట్ కొట్టేదాకా పక్క సిస్టమ్‌లో ఉన్నవాడికి మీ ఇన్సర్ట్‌లు కనబడవు. డేటా పోయిందని మళ్లీ ఎక్కించేముందు ఒకసారి కమిట్ కొట్టి చూడండి.