గరాజ్‌లో తుపాకుల పనికి మిల్లింగ్ మెషీన్ కొనే ముందు జాగ్రత్తలు

అమెరికాలో వేట తుపాకులు ఉంచుకుని, వాటికి స్కోపు (గురి చూసే చిన్న దూరదర్శిని) బిగించుకోవడం వంటి పనులు ఇంటి గరాజ్‌లోనే చేసుకోవాలనుకునే తెలుగువారు మిల్లింగ్ మెషీన్ (తిరిగే కటర్‌తో లోహాన్ని కోసే యంత్రం) ధర అడగడానికి ముందే చట్టం సంగతి తేల్చుకోవాలి. హెచ్1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టరీత్యా నేరం. ఇతరుల తుపాకులను వ్యాపారంగా బాగుచేయాలంటే ఫెడరల్ లైసెన్సు తప్పనిసరి. రాష్ట్రాల నిబంధనలు వీటికి అదనం. భారతదేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే మరమ్మతు కూడా చేయరాదు.

ఇక మెషీన్ విషయానికి వస్తే, మోటారు హార్స్‌పవర్ కన్నా మెషీన్ అదరకుండా నిలిచే బిగువు ముఖ్యమని నా గట్టి నమ్మకం. స్కోపును పట్టి ఉంచే మౌంటు కోసం వేసే రంధ్రాలు వరుస తప్పితే స్కోపు గొట్టం మీద ఒత్తిడి పడుతుంది, గురి కుదరదు. తేలికపాటి బెంచి మెషీన్‌తో గట్టి ఉక్కును కోసినప్పుడు కటర్ అదిరి సరిగ్గా ఆ తేడాయే వస్తుంది. అందుకే చాలామంది బ్రిడ్జిపోర్ట్ కంపెనీ బరువైన పాత మెషీన్ కోసం వెతుకుతారు. అయితే పాత మెషీన్ టేబుల్ నడుమ భాగంలోనే ఎక్కువగా అరుగుతుంది కనుక, టేబుల్ నడుమ ఉన్నప్పుడు గిబ్‌ను (టేబుల్ జారే మార్గంలో సందును సరిచేసే పట్టీని) కాస్త బిగించి, టేబుల్‌ను ఒక చివరికి నడిపి చూడండి. అక్కడ హ్యాండిల్ బరువెక్కి బిగుసుకుపోతే మార్గం అరిగిందని అర్థం, అమ్మేవారు వేసిన కొత్త రంగును నమ్మి మోసపోవద్దు. హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి లెడ్‌స్క్రూలో (టేబుల్‌ను నడిపే మరలో) ప్లే, అంటే వదులు ఎంతుందో, కటర్‌ను తిప్పే స్పిండిల్ టేపరు (కటర్ కూర్చునే ఏటవాలు రంధ్రం) లోపల డయల్ గేజి (సన్నటి తేడాలను కొలిచే పరికరం) ముల్లు ఎంత కదులుతుందో కూడా గమనించాలి.

బ్రిడ్జిపోర్ట్ బరువు దాదాపు 900 కిలోలు. మోటారు ఉండే పైభాగం, అంటే హెడ్‌ను ముందే తలకిందులుగా తిప్పి బరువును కిందికి దించాలి, అలా చేయకుండా ట్రక్కెక్కిస్తే మెషీన్ పక్కకు ఒరిగిపోవచ్చు. దాని మోటారు సాధారణంగా త్రీ ఫేజ్‌ది, ఇళ్లకు వచ్చేదేమో సింగిల్ ఫేజ్ కరెంటు, కాబట్టి ఆ కరెంటును త్రీ ఫేజ్‌గా మార్చి మోటారుకిచ్చే వి.ఎఫ్.డి. అనే పరికరం ఖర్చును, ఎర్తింగ్‌ను ముందే లెక్కలోకి తీసుకోవాలి. మంచి వైసు (పనిముక్కను పట్టి ఉంచే బిగింపు), కటర్లు, కోలెట్లకు (కటర్‌ను పట్టి ఉంచే గొట్టాలకు) కూడా చెప్పుకోదగ్గ మొత్తం పక్కన పెట్టుకోవాలి.

తుపాకీని వైసులో బిగించే ముందు మేగజైన్ తీసి, ఛాంబరును కంటితోనూ వేలితోనూ రెండుసార్లు తడిమి చూసి, తూటాలను ఆ గదిలోనే లేకుండా చేయాలి. గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు, చేతికి కంకణం తిరిగే స్పిండిల్ దగ్గరికి రాకూడదు. కళ్లకు రక్షణ అద్దాలు మాత్రం ఎప్పుడూ ఉండాలి. డ్రాబార్ (కోలెట్‌ను స్పిండిల్‌లోకి లాగి బిగించే కడ్డీ) మీద స్పానర్ ఉండగా స్విచ్ వేస్తే అది ఎగిరి ముఖానికి తగులుతుంది గనుక, కటర్ బిగించిన వెంటనే స్పానర్‌ను తీసి దూరంగా పెట్టిన తరువాతే స్విచ్ మీద చేయి వేయండి.