లిథియం మాత్ర, మంచినీళ్ళు, గోడమీద క్యాలెండర్

మా తమ్ముడికి బైపోలార్, అంటే కొన్నాళ్ళు పట్టలేని హుషారు, కొన్నాళ్ళు దిగులు పట్టుకునే మానసిక జబ్బు. ఊళ్ళోవాళ్ళు మొదట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. అది ఇప్పటికీ వాడి చేతికుంది, తియ్యమని నేను అన్లేదు. మాత్ర మానకపోతే చాలు. స్టాఫ్ నర్సుగా రిటైరై అంబాజీపేట దగ్గర పుట్టింట్లోనే ఉంటున్నాను, ఆ జబ్బుని అదుపులో ఉంచే లిథియం మాత్ర వాడికి ఇచ్చేది నేనే. నేను చేసే పద్ధతి రాస్తున్నాను. మోతాదు మాత్రం మీ డాక్టరుగారు చెప్పిందే.

రాత్రి అన్నం తిన్నాక 8.30కి మాత్ర. వార్డులో అయితే నోరు తెరిపించి నాలుక కింద చూసేవాళ్ళం. ఇంట్లో ఆ పని చేస్తే వాడు వారం మాట్లాడడు. అందుకని మాత్ర చేతిలో పెట్టి, గ్లాసు నీళ్ళిచ్చి, ఇవాళ వెయ్యి కొబ్బరికాయలు ఎంత పలికాయిరా అని అడుగుతాను. ధర చెప్పాలంటే మింగాలి కదండి. ఓ పూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి ఇవ్వకండి. బాగున్నాడు కదా అని మీ అంతట మీరు ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

లిథియంతో అసలు చిక్కు నీళ్ళూ ఉప్పూ. ఒంట్లో ఇవి తగ్గితే మూత్రపిండాలు ఉప్పుతోపాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి, రక్తంలో అది పేరుకుంటుంది. ఓ ఏడు రోహిణి కార్తె ఎండలో కాయలు దింపించి, నడుం పట్టేసిందని వాడు ఆరెంపీ దగ్గరకెళ్ళాడు. ఆయన డైక్లోఫెనాక్ ఇచ్చాడు. నాకు చెప్పలేదు. నాలుగో రోజుకి చెయ్యి వణికి టీ సాసర్లోకి ఒలికిపోతోంది. విరోచనాలు, మాట ముద్దముద్ద. నర్సునయ్యుండీ ఎండదెబ్బ అనుకుని ఓ పూటంతా మజ్జిగ తాగిస్తూ కూర్చున్నాను! అరుగు దిగబోయి తూలాడు, అప్పుడు వెలిగింది నాకు. కాకినాడ తీసుకెళితే సెలైన్లు పెట్టి, లిథియం ఆపి, రోజూ రక్తం చూశారు.

వణుకు ఎక్కువైనా, వాంతులు, విరోచనాలు, తూలు, మత్తు కనిపించినా తరవాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలూ, కొన్ని బీపీ మాత్రలూ రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. వాడి జేబులో ఇప్పుడు ‘లిథియం వాడుతున్నాడు’ అని చీటీ ఉంటుంది. బీపీ వచ్చిందని కూరల్లో ఉప్పు ఒక్కసారిగా తగ్గించకండి, ముందు డాక్టరుగారిని అడగండి.

క్యాలెండర్లో తిథి పక్కన నిద్ర గంటలు రాస్తాను. 7, 7, 6, 4. నిద్ర తగ్గిందంటే ఆ హుషారు మొదలవుతున్నట్టు, వరసగా రెండు రాత్రులు 4 పడితే డాక్టరుగారికి ఫోను. కిందటిసారి తెల్లారగట్ల 3 గంటలకి లేపి, “అక్కా, మండపేటలో లారీలు అమ్ముతున్నారంట, రెండు తీసేద్దామా?” అన్నాడు. వాదిస్తే మూడంటాడు. “తెల్లారాక లెక్క చూద్దాంరా” అని లైటు తీసేశాను. ఆ వారం టీవీ బందు, చుట్టాలు బందు. బండి తాళాలూ పాస్‌బుక్కూ ఎక్కడ పెట్టానో ఇక్కడ రాయను, వాడూ చదువుతాడు. ఎంత చెయ్యిదాటినా గొలుసుతో కట్టొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని నిషేధించింది.

దిగులుతో మంచం పట్టినప్పుడు ఇంకా జాగ్రత్త. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచను, మాత్రలు నా బీరువాలోకి పోతాయి. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగానే అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది ఉత్త భయం. అవునంటే ఒంటరిగా వదలను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు.

లిథియం రక్తపరీక్ష రాత్రి మాత్రకి 12 గంటల తరవాత చెయ్యాలి. అందుకే మేం 8.30కల్లా ల్యాబులో ఉంటాం. పొద్దున కూడా మాత్ర ఉన్నవాళ్ళు రక్తం ఇచ్చేదాకా వేసుకోకుండా డబ్బాలో పెట్టుకెళ్ళండి. థైరాయిడ్ పరీక్ష, మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష మాకు ఆర్నెల్లకోసారి. సూది అంటే వాడికి ఇప్పటికీ భయమే, మొహం గోడవైపు తిప్పుకుంటాడు. అయ్యాక బస్టాండు దగ్గర పెసరట్టు, ఉప్మా. రెండో ముక్క నోట్లో ఉండగానే కాయల ధర మొదలెడతాడు.