రెండోసారి తొక్కితే పడే బ్రేకుతో ఘాట్ దిగకండి: పాత ఆర్మీ జీపులున్నవాళ్లకు

పోయిన నెల అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగుతుండగా మా స్నేహితుడి డిస్పోజల్ జీపుకు (సైన్యం వాడి అమ్మేసిన బండి) బ్రేక్ పోయింది. లోయ వైపు పోనివ్వకుండా స్టీరింగ్ కొండ వైపు కోసి, రోడ్డు పక్క కాలవలోకి దించి ఆపాడు. వాళ్లావిడకు భుజం దగ్గర ఎముక విరిగింది. మిగతావాళ్లు గీతలతో బయటపడ్డారు.

ఆ పొద్దున అరకులో టీ తాగుతూ అతను ఒక మాట అన్నాడు. "పెడల్ కొంచెం కిందికి పోతోంది గానీ, రెండోసారి తొక్కితే పడుతోందిలే." నేను విన్నాను. విని ఊరుకున్నాను. ఇది రాయడానికి కారణం అదే.

తర్వాత వెనక ఎడమ చక్రం బ్రేక్ డ్రమ్ము విప్పాం. లైనర్ (డ్రమ్ముకు రాసుకుని చక్రాన్ని ఆపే షూ మీది పొర) బ్రేక్ ఆయిల్‌లో నాని ముద్దయిపోయి ఉంది. వాళ్ల షెడ్డులో బండి నిలబెట్టే చోట నేల మీద ఒక్క మరక లేదు. కారిందంతా లైనరూ, డ్రమ్ములో పేరుకున్న దుమ్మూ పీల్చుకున్నాయి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ అడుగంటింది. రెండు నెలల కిందట ఆ చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్‌కు కొత్త రబ్బర్ కిట్ వేశారట. సిలిండర్ లోపలి తుప్పు గుంటల్ని మాత్రం ఎవరూ చూడలేదు. ఆయిల్ బయటికి రాకుండా ఆపే కొత్త రబ్బర్ కప్పు ఆ గుంటల మీద జరిగి జరిగి చిరిగింది.

వానలు తగ్గి అరకు, లంబసింగి సీజన్ మొదలయ్యేసరికి ఏడాదంతా టార్పాలిన్ కింద పడున్న విల్లీస్‌లు, మహీంద్రా సీజే 3బీలు, జోంగాలు ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. స్టెప్నీ పెట్టుకోండి, టైర్లు చూసుకోండి లాంటివి మీకు చెప్పక్కర్లేదు.

ఈ బండి ఎలా ఆగుతుంది

యుద్ధకాలం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ, ఆ వరసలో ఇక్కడ తయారైన పాత మహీంద్రాలు, అన్నిటికీ నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఎంబీకి అవి 9 అంగుళాలవి. తొక్కుడుకు బలం కలిపే బూస్టర్ లేదు, మీ కాలి బలమే బలం. మాస్టర్ సిలిండర్‌లో గది ఒకటే. నాలుగు చక్రాలకూ ఆయిల్ అక్కడి నుంచే పోతుంది. ఇప్పటి కార్లలో ఒక లైను పోయినా రెండో లైను సగం బండినైనా ఆపుతుంది. వీటిలో ఎక్కడ ఒక్క కప్పు చిరిగినా, ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలూ పోతాయి. పోయే ముందు ఏ లైటూ వెలగదు. పెడల్ రెండోసారి తొక్కాల్సి రావడమే అది ఇచ్చే హెచ్చరిక. చాలాసార్లు ఇంకో హెచ్చరిక ఉండదు.

పెడల్ మొదటిసారి కిందికి పోయి రెండోసారి గట్టిగా తగిలిందంటే మూడింట్లో ఒకటి. షూలు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయి, లేదా లైనులో ఎయిర్ చేరింది, లేదా ఎక్కడో కారుతోంది. ఈ వరసలోనే వెతకండి. ముందు షూలు దగ్గరికి అడ్జస్ట్ చేయండి. తగ్గకపోతే ఎయిర్ తీయండి. ఎయిర్ తీశాక బాగుండి వారం తిరక్కుండా మళ్లీ మొదలైతే అది ఎయిర్ సమస్య కాదు, లీకు. డ్రమ్ములు నాలుగూ విప్పాల్సిందే. మళ్లీ ఎయిర్ తీసి పంపించే మెకానిక్ దగ్గరికి మళ్లీ పోకండి.

ఇంకో పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. బండి ఆపి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పాదం కింద మెల్లగా దిగుతుంటే ఆయిల్ బయటికైనా పోతోంది, మాస్టర్‌లో కప్పు దాటి వెనక్కైనా పోతోంది. రెండోదైతే బయట తడి కనిపించదు, ఆయిల్ మట్టం తగ్గదు. అందుకే దాన్ని ఎవరూ నమ్మరు.

పెడల్ పైకి తెప్పించే మోసం

కొందరు మెకానిక్‌లు ఈ గొడవంతా లేకుండా పెడల్‌కూ మాస్టర్‌కూ మధ్య ఉండే పుష్ రాడ్ పొడవు పెంచి పెడల్‌ను పైకి తెస్తారు. తొక్కగానే తగులుతుంది కాబట్టి మనకు సంతోషం. కానీ పెడల్‌కు మొదట అర అంగుళం ఖాళీ ఆట ఉండి తీరాలి. ఆ ఆట ఉంటేనే మాస్టర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి, ఆయిల్ తిరిగి ట్యాంకులోకి పోయే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. ఆట లేకపోతే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడెక్కి వ్యాకోచించిన ఆయిల్‌కు పోయే దారి లేక, మీరు తొక్కకుండానే బ్రేకులు పట్టేస్తాయి. పది కిలోమీటర్లకు డ్రమ్ములు కమురు వాసన కొడతాయి. అరగంట ఆగితే అన్నీ వదిలేస్తాయి. షెడ్డుకు తీసుకెళ్తే "ఏమీ లేదు సార్" అంటారు. నిజంగానే అప్పటికి ఏమీ ఉండదు మరి.

ఆయిల్

గ్లైకాల్ జాతి బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు) కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు 3.7 శాతం చేరితే 140 డిగ్రీలకే మరిగే స్థాయికి పడిపోవచ్చు. డాట్ 4 కి ఆ అంకెలు 230, 155. దిగుడు రోడ్డులో బ్రేక్ మీద కాలు తీయకుండా వస్తే ఆ వేడి వీల్ సిలిండర్‌కు చేరుతుంది, లోపల ఆవిరి పుడుతుంది, పెడల్ స్పాంజిలా అయిపోతుంది. అప్పుడు మళ్లీ అదే పాట, రెండోసారి తొక్కితే పడుతుంది. బండి తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మొత్తం ఆయిల్ మార్చండి. తిరగని బండికే ఇది ఎక్కువ అవసరం, ఎందుకంటే నీరు వీల్ సిలిండర్ అడుగున చేరి ఒకేచోట కూర్చుని తుప్పు గుంటలు పెడుతుంది.

సీసా మీద డాట్ 5 అని ఉంటే ఆగండి. అది సిలికాన్, ఊదా రంగులో ఉంటుంది. అమెరికా సైన్యం 1980లలో దానికి మారింది కాబట్టి ఆర్మీ బండికి అదే మంచిదని కొందరు తెప్పిస్తారు. పాత ఆయిల్‌తో అది కలవదు. డాట్ 5.1 మాత్రం మళ్లీ గ్లైకాలే. పేరు పెట్టినవాళ్లకు దండం.

డిస్పోజల్‌లో కొన్న బండిలో ఏ ఆయిల్ పోశారో తెలియనప్పుడు ఒక చుక్క నీళ్ల గ్లాసులో వేయండి. కలిసిపోతే గ్లైకాల్. విడిగా ఉండిపోతే ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో, సిలికానో. ఇంజన్ ఆయిల్ జాతిదైతే రబ్బర్ ఉబ్బిపోతుంది. ఆయిల్ ఒక్కటే మారిస్తే సరిపోదు, కప్పులూ హోస్‌లూ అన్నీ పారేసి పైపులు కడగాల్సిందే.

డ్రమ్ము విప్పినప్పుడు

సిలిండర్ లోపలికి టార్చి వేసి చూడండి, గోరుతో తడమండి. గోరు తగిలేంత గుంట ఉంటే కిట్ వేయకండి. కొత్త సిలిండర్ వేయండి, లేదా లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేయించండి. హోనింగ్ (లోపలి గోడను రాయితో నున్నగా అరగదీయడం) చేస్తే మరకలు పోతాయి, గుంటలు పోవు.

డ్రమ్ములో తడి ఉంటే వేలితో తాకి చూడండి. చిక్కగా, గంధకం వాసన వస్తే అది యాక్సిల్ హౌసింగ్ నుంచి వచ్చిన గేర్ ఆయిల్. సీల్ మార్చకుండా లైనర్ మారిస్తే డబ్బు దండగ. ఆయిల్ తాగిన లైనర్‌ను పెట్రోల్ పోసి కాల్చి మళ్లీ బిగించే అలవాటు ఇంకా ఉంది. మానండి. లైనర్లు ఎప్పుడూ ఇరువైపులా జతగా మార్చాలి, లేకపోతే బ్రేక్ తొక్కినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది.

పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. కంప్రెసర్ గాలితో డ్రమ్ము ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

ఎయిర్ తీసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. పాత మాస్టర్‌లో పిస్టన్ ఎప్పుడూ పోని చివరి భాగం తుప్పుపట్టి ఉంటుంది, పెడల్ నేలదాకా తొక్కితే కప్పు అక్కడికి పోయి చిరుగుతుంది.

మాస్టర్ సిలిండర్ కాళ్ల కింద, ఛాసిస్ పక్కన ఉంటుంది. మూత తీసే ముందు చుట్టూ మట్టి తుడవండి. నెలకోసారైనా మూత తీయండి.

బ్రేక్ లైట్ స్విచ్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. అక్కడా కారుతుంది. చూడండి.

రాగి పైపు వేయనివ్వకండి. అదురుకు గట్టిపడి పగులుతుంది. స్టీలు పైపు వేయించండి, దాని అంచు డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా విప్పారింది) అయి ఉండాలి.

రబ్బర్ హోస్‌లు బయటికి బాగున్నా మార్చండి. లోపల ఉబ్బి దారి మూసేస్తాయి, తొక్కితే పట్టిన చక్రం వదలదు.

కప్పులు పెట్రోల్, కిరోసిన్‌తో కడగొద్దు. గ్రీజు పూయొద్దు.

హ్యాండ్ బ్రేక్‌ను నమ్మి జాక్ పెట్టకండి. అది చక్రాలను పట్టుకోదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) వెనక షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. వెనక ఒక్క చక్రం గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ వల్ల బండి దొర్లుతుంది. ముందు చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టండి. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పితే హ్యాండ్ బ్రేక్ లేనట్టే.

ఎంబీలో ఎడమ చక్రాల నట్లకు ఎదురు మర, అంటే మామూలు నట్లకు ఎదురుగా తిప్పితే వదులవుతాయి. బలం చూపించి స్టడ్ విరవకండి.

కంబాట్ రిమ్ము (రెండు ముక్కలు బిగించిన సైనిక రిమ్ము) ఉంటే చక్రానికి ఉన్న ఐదు నట్లే విప్పండి. రిమ్ము రెండు ముక్కల్ని పట్టుకున్న ఎనిమిది నట్లు గాలి ఉండగా ముట్టుకుంటే ప్రాణం పోతుంది.

వాగు దాటాక బ్రేక్ మీద తేలిగ్గా కాలు ఆనించి కొంత దూరం నడపండి. డ్రమ్ము ఆరాలి.

పావు కిలో బరువైనా లెక్కే. ఎంబీ సామర్థ్యం 363 కిలోలు. ఫొటోల కోసం ఎనిమిది మందిని ఎక్కించకండి.

దిగుడు మొదలవ్వక ముందే ఆగి గేర్ వేసుకోండి. మూడు గేర్ల పెట్టెలో ఫస్ట్ గేర్‌కు సింక్రో (కదులుతున్నప్పుడు గేర్ సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, జారుతున్న బండిలో అది పడదు. లో రేంజ్ (బండిని ఇంకా నెమ్మదిగా నడిపించే గేర్ల వరస) కూడా అంతే. ఆగి వేయాలి.

ఒరిజినల్ అని పట్టుబట్టేవాళ్లు కోప్పడతారు గానీ, కుటుంబంతో ఘాట్లు తిరిగే బండికి రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేయించండి. పరేడ్ బండి అయితే మీ ఇష్టం.

బయలుదేరే ముందు ఇంటి గేటు దగ్గరే తొక్కి చూడండి. ఘాట్ పైన మళ్లీ తొక్కండి. మొదటి తొక్కుకే పడాలి. పడకపోతే బండి అక్కడే వదిలి బస్సు ఎక్కండి.

బొర్రా నుంచి కటికి జలపాతానికి అద్దె జీపు ఎక్కేటప్పుడు కూడా అడగండి. డ్రైవరు నవ్వి "రెండోసారి తొక్కితే పడుతుందండీ" అంటే ముందు పిల్లల్ని దింపండి, తర్వాత మీరు దిగండి.