సొంతంగా సైకాలజీ – 5వ పాఠం: పునర్బలనం ఎక్కడ, శిక్ష ఎక్కడ

పోయిన పాఠం కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ దగ్గర ఆగింది. ముందు పుస్తకం మూసేయండి, ఒక కాగితం తీసుకుని ఆయన ప్రయోగాన్ని మీ మాటల్లో నాలుగు లైన్లు రాయండి. మళ్ళీ చదువుతుంటే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, తీరా పరీక్ష హాల్లో కూర్చున్నాక ఒక్క ముక్కా గుర్తుకు రాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో కూడా ఇదే తేలింది: ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ముందున్నారు, వారం ఆగి పెడితే మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళదే పైచేయి అయింది. కాబట్టి ఈ సిరీస్‌లో రివిజన్ అంటే చూడకుండా రాయడమే.

రాశారా? సరిచూసుకోండి. నోట్లో ఆహారం పడితే కుక్కకి లాలాజలం ఊరుతుంది, అది ఎవరూ నేర్పింది కాదు. స్పందన పుట్టించేది ఉద్దీపన, నేర్పకుండానే పనిచేస్తే నిర్నిబంధితం, నేర్చుకుంటే నిబంధితం. ఆహారం నిర్నిబంధిత ఉద్దీపన, ఆ లాలాజలం నిర్నిబంధిత ప్రతిస్పందన. మెట్రోనోమ్ (టిక్ టిక్ అని తాళం కొట్టే పరికరం) శబ్దం వినిపించి వెంటనే ఆహారం పెట్టడం చాలాసార్లు జరిగాక, ఒక్క శబ్దానికే నోరూరడం మొదలవుతుంది. ఇప్పుడు శబ్దం నిబంధిత ఉద్దీపన, దానికి ఊరిన లాలాజలం నిబంధిత ప్రతిస్పందన. రెండుసార్లూ ఊరింది లాలాజలమే కదా, పేరెందుకు మారిందని చాలామంది ఇక్కడే తికమకపడతారు. దేనికి ఊరిందో చూడండి, పేరు దాన్నిబట్టే వస్తుంది.

తర్వాత ఆహారం ఇవ్వకుండా శబ్దం మాత్రమే వినిపిస్తూ పోతే ఆ స్పందన తగ్గి ఆగిపోతుంది, అది విలుప్తీకరణం. కొంత విరామమిచ్చి అదే శబ్దం వినిపిస్తే మళ్ళీ కొంచెం ఊరుతుంది. అంటే నేర్చుకున్నది చెరిగిపోలేదు, అణిగి ఉంది, అంతే. తగ్గిపోయిందనుకున్న భయం కొన్నాళ్ళకి తిరిగొచ్చిందంటే ఆ మనిషి బలహీనుడని అర్థం కాదు.

1920లో వాట్సన్, రేనర్ అనే మనస్తత్వవేత్తలు ఆల్బర్ట్ అనే పసివాడి మీద చేసిన ప్రయోగమూ ఇక్కడే వస్తుంది. తెల్ల ఎలుకని చూపించి, వాడు దాన్ని ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. చివరికి కుందేలుని చూసినా ఏడ్చాడు. ఒకదానికి నేర్చుకున్న స్పందన దానిలాంటి వాటికీ రావడం, అంటే సామాన్యీకరణం అని రాస్తే మార్కు వస్తుంది, నిజమే. కానీ ఆ భయాన్ని పోగొట్టకుండానే బిడ్డని పంపేశారన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, పిల్లలకి పాఠం చెప్పబోయేవాళ్ళకి అది చాలా అవసరం.

ఇక స్కిన్నర్, చేసిన పనికి వచ్చే ఫలితాన్నిబట్టి ప్రవర్తన మారుతుందని చెప్పిన మనస్తత్వవేత్త. TET, DSCకి చదివేవాళ్ళు ఎక్కువగా తడబడేది రుణాత్మక పునర్బలనం దగ్గర. రుణాత్మకం అనగానే చెడ్డది, అంటే శిక్ష అని టిక్ పెట్టేస్తారు. అలా కాదు. పునర్బలనం ఏదైనా సరే ప్రవర్తనని పెంచుతుంది, శిక్ష తగ్గిస్తుంది. ధన, రుణ అనేవి ఏదో చేరిందా, ఏదో తొలగిందా అన్నంతవరకే.

ఒక సంఘటన తీసుకుందాం. కిరాణా కొట్లో మూడేళ్ళ బాబు చాక్లెట్ కోసం నేలమీద పడి దొర్లుతూ ఏడుస్తున్నాడు, అందరూ చూస్తున్నారు, అమ్మకి తల కొట్టేసినట్టుంది, విసిగిపోయి కొనిచ్చింది, వాడు టక్కున ఏడుపు ఆపేశాడు. వచ్చే వారం మళ్ళీ అదే కొట్టు, అదే ఏడుపు, ఈసారి అమ్మ ఇంకా తొందరగా కొనిచ్చింది. ఇక్కడ నేర్చుకున్నది ఎవరు? ఇద్దరూ. బాబు ఏడిస్తే చాక్లెట్ చేతికొచ్చింది, ఏడుపు పెరిగింది: ధనాత్మక పునర్బలనం. అమ్మ చాక్లెట్ ఇస్తే చెవులు చిల్లులుపడే ఏడుపు ఆగింది, ఇవ్వడం పెరిగింది: రుణాత్మక పునర్బలనం. అందుకే ఏ ప్రశ్నకైనా ముందు ఎవరి ప్రవర్తన గురించి అడుగుతున్నారో తేల్చుకోండి, తర్వాత ఏం చేరింది, ఏం తొలగింది అని చూడండి, ఆఖరున ఆ ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అని అడగండి. ఈ వరస తప్పితే జవాబూ తప్పుతుంది.

శిక్ష గురించి ఒక్క మాట. టీచర్ కొట్టగానే క్లాసు నిశ్శబ్దమైపోతుంది, ఆ నిశ్శబ్దమే టీచర్ కొట్టే అలవాటుకి రుణాత్మక పునర్బలనం అవుతుంది, కిరాణా కొట్లో ఆ అమ్మకి జరిగినట్టే. పిల్లవాడికి మాత్రం ఏం చేయకూడదో తెలిసింది తప్ప ఏం చేయాలో తెలియలేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనని, మానసిక వేధింపుని నిషేధించింది. సెక్షన్ నంబరుతోపాటు ఈ కారణం కూడా బుర్రలో ఉంటే క్లాసులో పనికొస్తుంది.

ఇవి చేయండి, జవాబులు 6వ పాఠం మొదట్లో ఇస్తాను. ఒకటి, బెల్టు పెట్టుకునేదాకా కారులో బీప్ మోగుతుంది, మీరు రోజూ ఎక్కగానే బెల్టు పెట్టుకుంటున్నారు. రెండు, తమ్ముడితో కొట్లాడినందుకు సాయంత్రం క్రికెట్‌కి పంపలేదు, కొట్లాటలు తగ్గాయి. మూడోది కాస్త కష్టం: లెక్కల సార్ తిడతారని ఒక అమ్మాయి లెక్కల పీరియడ్ ఉన్న రోజుల్లో కడుపునొప్పి అంటుంది, ఇంట్లో ఉండిపోతుంది, ఇప్పుడు లెక్కల పుస్తకం చూసినా గుండె దడ. ఇందులో పావ్లోవ్ ఎక్కడ, స్కిన్నర్ ఎక్కడ? రెండూ ఉన్నాయి, విడదీసి రాయండి.