స్లర్మ్‌లో జాబ్‌లను గొలుసు కట్టడం: ఆఫ్టర్‌ఓకే దేన్ని నమ్ముతుంది?

క్లస్టర్‌లో జాబ్‌లను (నడపాల్సిన పనులను) క్యూలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేరు స్లర్మ్. దానితో డబ్ల్యూఆర్ఎఫ్ వాతావరణ మోడల్ నడపాలంటే ముందు రియల్ (మోడల్‌కి మొదటి డేటా సిద్ధం చేసే ప్రోగ్రాం), తర్వాత అసలు మోడల్, చివర మ్యాపులు గీసే స్క్రిప్టు వరసగా నడవాలి. మూడిటినీ ఒకే జాబ్‌లో కుక్కకండి. మ్యాపులకు ఒక కోర్ చాలు. దానికోసం 96 కోర్లు ఊరికే పట్టి ఉంచడం క్యూలో ఉన్నవాళ్లందరికీ అన్యాయం.

జాబ్‌ని సబ్మిట్ చేసే ఎస్‌బ్యాచ్ కమాండుకి --పార్సబుల్ ఇస్తే జాబ్ నంబరు ఒక్కటే వస్తుంది. దాన్ని షెల్ వేరియబుల్‌లో పట్టుకోండి. రియల్ నంబరు 48213 అయితే మోడల్ జాబ్‌ని --డిపెండెన్సీ=ఆఫ్టర్‌ఓకే:48213 అని సబ్మిట్ చేయాలి, అంటే 48213 సవ్యంగా ముగిస్తేనే ఇది మొదలవుతుంది. మోడల్ నంబరుతో మ్యాపుల జాబ్‌కీ ఇంతే.

అసలు చిక్కు ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రాం ఇచ్చే నంబరు) దగ్గర ఉంది. ఆఫ్టర్‌ఓకేకి కావలసింది అది 0 కావడమే. బ్యాష్ స్క్రిప్టు మామూలుగా తన చివరి కమాండు కోడునే ఇస్తుంది. మోడల్ మధ్యలో పడిపోయినా చివర ఒక ఎకో (ఏదో మాట రాసే కమాండు) ఉంటే స్లర్మ్ ‘కంప్లీటెడ్’ అనే రాసుకుంటుంది, మ్యాపుల జాబ్ సగం ఫైళ్లతో మొదలైపోతుంది. అవుట్‌పుట్‌ని టీ కమాండుకి (తెరపైకీ ఫైల్లోకీ రాసేది) పైప్ చేసినా ఇదే గతి. అందుకే కమాండు ఫెయిలైన చోటే స్క్రిప్టును ఆపే సెట్ -ఇ, పైప్‌లో ఏది ఫెయిలైనా లెక్కలోకి తెచ్చే సెట్ -ఓ పైప్‌ఫెయిల్ రాయండి, అదీ జాబ్ సెట్టింగులు చెప్పే #ఎస్‌బ్యాచ్ లైన్లన్నీ అయ్యాకే. మొదటి కమాండు తర్వాత వచ్చే #ఎస్‌బ్యాచ్ లైన్లను స్లర్మ్ చదవదు.

అంతటితో ఆగకండి. మోడల్ సవ్యంగా ముగిస్తే ఆర్‌ఎస్‌ఎల్.అవుట్.0000 అనే లాగ్ ఫైల్లో ‘సక్సెస్ కంప్లీట్ డబ్ల్యూఆర్ఎఫ్’ అని రాస్తుంది. ఆ మాటను గ్రెప్ -క్యూతో వెతకడమే స్క్రిప్టులో చివరి లైను కావాలి. దొరక్కపోతే గ్రెప్ 1 ఇస్తుంది, గొలుసు అక్కడే ఆగుతుంది. మోడల్ మొదలయ్యే ముందు పాత ఆర్‌ఎస్‌ఎల్ ఫైళ్లు తీసేయండి, లేకపోతే నిన్నటి విజయమే ఈరోజూ దొరుకుతుంది.

ముందు జాబ్ ఫెయిలైతే వెనకది చాలా చోట్ల ‘డిపెండెన్సీ నెవర్ శాటిస్ఫైడ్’ అని క్యూలోనే పడి ఉంటుంది. దాన్ని ఎస్‌క్యాన్సిల్ కమాండుతో రద్దు చేయండి, లేదా సబ్మిట్ చేసేటప్పుడే --కిల్-ఆన్-ఇన్‌వాలిడ్-డెప్=యెస్ ఇవ్వండి. టైమ్ లిమిట్ దాటినా ఫెయిల్ కిందే లెక్క. రీస్టార్ట్ ఫైలు (మోడల్ మధ్యలో దాచుకున్న స్థితి) నుంచి పరుగు కొనసాగించే జాబ్‌కి మాత్రం ఆఫ్టర్‌ఎనీ వాడండి. అది ముందు జాబ్ ఎలా ముగిసినా మొదలవుతుంది కాబట్టి, రీస్టార్ట్ ఫైలు ఉందో లేదో ఆ స్క్రిప్టు మొదటి లైన్లలోనే చూసుకోవాలి.