టీవీ కొనేముందు హాల్లో టైల్స్ లెక్కపెట్టండి

దసరా ఆఫర్లు మొదలైతే హన్మకొండ షాపుల్లో అందరూ ముందు అడిగేది 4కె ఉందా అనే. నిజానికి అది చివర్లో అడగాల్సిన మాట. ఎంత దూరంలో కూర్చుంటారో, ఎంత సైజు కావాలో తేలితే రిజల్యూషన్, అంటే తెర మీద ఎన్ని చుక్కలుండాలన్నది, దానంతటదే తేలుతుంది.

దూరం కొలవడానికి టేపు లేకపోయినా పర్వాలేదు. మన దగ్గర కొత్త ఇళ్లల్లో ఎక్కువగా రెండడుగుల టైల్సే వేస్తున్నారు కాబట్టి, టీవీ పెట్టే చోటు నుంచి దివాన్ మీద కూర్చున్నప్పుడు మీ తల ఉండే చోటు దాకా ఎన్ని టైల్స్ వచ్చాయో చూసి రెండుతో గుణించండి. గోడ నుంచి గోడకు మాత్రం కొలవొద్దు. హాలు పన్నెండడుగులున్నా, చూసే దూరం తొమ్మిదికి మించదు.

ఆ అడుగులను 5తో గుణిస్తే వార్తలకు, సీరియల్స్‌కు సరిపోయే సైజు ఇంచుల్లో వస్తుంది. సినిమాలు, క్రికెట్ బాగా చూసే ఇల్లైతే 7తో గుణించండి. అంటే తొమ్మిది అడుగులకు 43 నుంచి 65 ఇంచుల దాకా ఏదైనా నడుస్తుంది. ఇంచులంటే మూల నుంచి మూలకు కొలత, 55 ఇంచుల టీవీ అడ్డంగా నాలుగడుగులు ఉంటుంది, షోకేసులో పడుతుందో లేదో ముందే చూసుకోండి.

ఇప్పుడు రిజల్యూషన్. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080 చుక్కలు, 4కె అంటే 3840×2160, సరిగ్గా నాలుగింతలు. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీ కోణంలో అరవయ్యో వంతు వరకే విడదీసి చూడగలదు, అంతకంటే దగ్గరగా ఉన్న చుక్కలు కలిసిపోతాయి. ఇంచులను 8తో భాగించండి, వచ్చిన అడుగులు దాటి కూర్చుంటే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ చుక్కల్లో తేడా దాదాపు కనిపించదు. 43 ఇంచులకు అది ఐదున్నర అడుగులు, 55కి ఏడు, 65కి ఎనిమిది. కాబట్టి తొమ్మిది అడుగుల దూరంలో 43 ఇంచుల 4కె కోసం అదనంగా డబ్బు పెట్టకండి, అదే డబ్బుతో సైజు పెంచుకోండి. 50 దాటాక వచ్చేవన్నీ దాదాపు 4కెనే, అక్కడ ఆలోచించే పనే లేదు. 4కె కంటే ఇంకా ఎక్కువ చుక్కలుండే 8కె మన హాళ్లకు అక్కర్లేదు. బెడ్‌రూమ్‌లో ఆరడుగుల నుంచి చూసే 32 ఇంచులకైతే ఫుల్ హెచ్‌డీ కంటే తక్కువ చుక్కలుండే హెచ్‌డీ రెడీ చాలు.

ఇంట్లో ఎక్కువసేపు నడిచేది కేబుల్‌లో మామూలు చానళ్లేనా? వాటి బొమ్మలో పై నుంచి కిందికి ఉండేది 576 గీతలే, పెద్ద తెర మీద మొహాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, 4కె టీవీ ఆ లోటు తీర్చలేదు. ముందు హెచ్‌డీ ప్యాక్ వేయించుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె రావాలన్నా పై ప్లాన్ ఉండాలి, నెట్ 15 ఎంబీపీఎస్ అయినా ఉండాలి.

షాపులో వాళ్లు పెట్టిన పూలు, చిలకల డెమో వీడియో ఆపించి మీరు రోజూ చూసే చానల్ పెట్టమనండి, ఇంట్లో ఎన్ని అడుగులు వచ్చిందో అన్ని అడుగులు వెనక్కి జరిగి చూడండి. ‘4కె సపోర్ట్’ అని డబ్బా మీద రాసినంత మాత్రాన ప్యానెల్, అంటే తెర, 4కె అయినట్టు కాదు, స్పెసిఫికేషన్‌లో 3840×2160 అని ఉందో లేదో చదవండి. పిల్లలు ల్యాప్‌టాప్ కలుపుకుని దగ్గర కూర్చుని చదువుకుంటామంటే మాత్రం 43 ఇంచులకైనా 4కెనే తీసుకోండి, అక్షరాలు అంత స్పష్టంగా ఉంటాయి.