చింతపిక్కల జిగురు, అరటి డొప్ప, జేగురు: పసిపిల్లలతో ఇంట్లో చేయదగిన చౌకైన చేతిపనులు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పిల్లలతో ఏదైనా చేతిపని చేయించాలనుకున్న తల్లిదండ్రులు సాధారణంగా మొదట స్టేషనరీ దుకాణానికి వెళ్ళి మెరుపు కాగితాలు, థర్మోకోల్ పలకలు, గొట్టాల్లో వచ్చే జిగురు కొని తెస్తారు. నిజానికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వయసు పిల్లలకు కావలసిన సామగ్రి చాలావరకు మన వంటింట్లోనూ పెరట్లోనూ ఉంది. ఈ జిల్లాల చిత్రకారులూ చేతిపనివాళ్ళూ తరతరాలుగా వాడుతున్నది కూడా ఇంచుమించు అదే. ఈ వ్యాసంలో చెప్పిన పనుల్లో సగానికి జిగురు కావాలి కాబట్టి ముందు దానిని తయారుచేసుకోవాలి.

జిగురు

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో కొత్త చింతపండు పిక్క తీసేటప్పుడు పిక్కలను పారవేయకుండా ఒక డబ్బాలో వేసి ఉంచితే ఏడాది పొడవునా పనికివస్తాయి. ఒక గ్లాసు పిక్కలను మూకుట్లో సన్నని సెగ మీద పైపొట్టు పగిలేవరకు వేయించి, చల్లారాక రోట్లో నెమ్మదిగా దంచి, చేటతో చెరిగితే పొట్టు విడిపోయి లోపలి తెల్లని పప్పు మిగులుతుంది. పొట్టులోని వగరు జిగురును నల్లబరుస్తుంది కనుక దానిని పూర్తిగా తీసివేయాలి. పప్పు రాయిలా గట్టిగా ఉంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టకుండా మిక్సీలో వేస్తే మిక్సీకే ప్రమాదం. నానిన పప్పును కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ మెత్తగా రుబ్బి, ఒక గ్లాసు ముద్దకు నాలుగు గ్లాసుల నీళ్ళు కలిపి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. ముద్ద తెల్లదనం పోయి గంజిలా నిగనిగలాడుతూ గరిటెకు పట్టుకున్నప్పుడు దించి, పలుచని గుడ్డతో వడకట్టాలి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది, బయట రెండో రోజుకే పులుస్తుంది. పూరీ జిల్లా రఘురాజపురం పటచిత్రకారులు గుడ్డ మీద గుడ్డ అతికి పట తయారుచేసేది ఈ జిగురుతోనే.

ఇందులో పిల్లలకు అప్పగించదగిన పని పొట్టు ఏరడం మాత్రమే. వేయించడం, ఉడికించడం పెద్దవాళ్ళే చేయాలి. ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర విడి పిక్కలు ఉంచకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. పూర్వం పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది విషం, పిల్లలు ముట్టుకునే జిగురులో ఎంత కొంచెమైనా కలపరాదు. పిక్కలు దొరకని ఇళ్ళలో రెండు పెద్ద చెంచాల మైదాను గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి ఉడికించినా కాగితానికి సరిపోతుంది, గుడ్డకు మాత్రం చింతపిక్కల జిగురుకు సాటి రాదు.

గుండ్రటి బిళ్ళలు

ఒడిశాలో గంజప అనే పాత పేకాట ఒకటి ఉంది. దాని ముక్కలు గుండ్రంగా ఉంటాయి. ఒక్కో రంగుకు రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెలు కలిపి 12 చొప్పున, 8 రంగుల కట్టలో 96 ముక్కలు వస్తాయి. పర్లాకిమిడిలో పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఈ ఆట ప్రస్తావన తెస్తే ఎవరో ఒకరు తప్పక కథ అందుకుంటారు. ఈ ముక్కలు తయారుచేసే పద్ధతిని తేలిక చేసుకుంటే అయిదారేళ్ళ పిల్లలకు చక్కటి పని అవుతుంది. నాకు తెలిసిన చేతిపనులన్నింటిలోనూ పిల్లలు పూర్తయ్యాక కూడా నెలల తరబడి వాడుకునేది ఇదే.

బాగా ఉతికి మెత్తబడిన నూలు పంచె ముక్క గానీ దుప్పటి ముక్క గానీ తీసుకోవాలి. పాలిస్టరు కలిసిన గుడ్డ జిగురు పీల్చదు. చాప మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద ఒక పొర గుడ్డ వేసి, అరచేత్తో జిగురు పూసి, రెండో పొర పరిచి, గాలి బుడగలు లేకుండా మధ్య నుంచి అంచుల వైపు నిమరాలి. ఈ పని పిల్లలు పెద్దవాళ్ళకంటె బాగా చేస్తారు, చేతులు జిగురులో ముంచడానికి వాళ్ళకు అనుమతి అక్కరలేదు కనుక. నీడలో ఆరిన తరువాత సుద్దపొడిని అదే జిగురులో దోసెపిండి జారుగా కలిపి రెండు వైపులా పూయాలి. మళ్ళీ ఆరాక, ఏటి ఒడ్డున దొరికే నున్నని గులకరాయితో ఒకే దిశలో రుద్దాలి. మొదట గరగరమని చప్పుడు చేస్తూ తెల్లని పొడి రాలుతుంది. రుద్దగా రుద్దగా చప్పుడు తగ్గి, రాయి జారడం మొదలై, గుడ్డ అట్టలా బిగిసి మెరుపు తేరుతుంది. ఆ మార్పు వేళ్ళకు తెలిసేవరకు ఓపికగా రుద్దనివ్వాలి. తొందరపడి పెద్దవాళ్ళు అందుకోకూడదు.

చిన్న గాజు గానీ సీసా మూత గానీ ఉంచి పెన్సిలుతో గుండ్రాలు గీసుకోవడం పిల్లల వంతు, కత్తిరించడం పెద్దల వంతు. రంగులకు పసుపు, జేగురు (ఎర్రని కావిమట్టి), దీపం మసి చాలు, మూడింటినీ కొద్దిపాటి జిగురుతో కలుపుకోవాలి. పసుపు ఎండకు వెలిసిపోతుంది, జేగురూ మసీ నిలుస్తాయి. 96 ముక్కలు చేయాలని కూర్చుంటే పిల్లలకే కాదు, పెద్దలకూ విసుగు పుడుతుంది. నాలుగు గుర్తులకు ఒకటి నుంచి అయిదు వరకు అంకెలు వేస్తే 20 బిళ్ళలతో ఆట నడుస్తుంది. గుర్తులుగా అడ్డంగా కోసిన బెండకాయతో పువ్వు, సగానికి కోసిన ఉల్లిపాయతో గుండ్రాలు, వేలిముద్రతో చుక్క, రావి మొలకల లేత ఆకులతో ఆకు అచ్చు వేయించవచ్చు.

మన జిల్లాలకు ప్రత్యేకంగా పనికివచ్చే మార్పు మరొకటి ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలకు ఒక బిళ్ళ మీద తెలుగు అక్షరం, దాని జత బిళ్ళ మీద అదే ధ్వనికి ఒడియా అక్షరం రాసి, అన్నింటినీ బోర్లించి, రెండేసి తిప్పుతూ జతలు కలపమనాలి. 12 జతలతో మొదలుపెట్టడం మేలు. రెండు లిపుల్లోనూ అక్షరాల వరుస ఒకటే కావడం వల్ల బడికి వెళ్ళే అక్క ఒడియా వైపు, ఇంట్లో నాయనమ్మ తెలుగు వైపు చూసుకుంటే చిన్నవాడికి రెండూ పట్టుబడతాయి. నాయనమ్మలే ఎక్కువగా గెలుస్తారని పిల్లలు ఫిర్యాదు చేయడం మామూలే.

జేగురు పూసిన అట్ట మీద బియ్యప్పిండి బొమ్మ

గజపతి, రాయగడ జిల్లాల సవర గ్రామాల్లో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యం ముద్దతో వేసే తెల్లని బొమ్మలను చాలామంది చూసే ఉంటారు. ఆ చిత్రాలను సవరలు తమ దేవతల కోసం, పూర్వీకుల కోసం వేస్తారు. అవి పూజకు సంబంధించినవి కనుక వాటిని ఉన్నవున్నట్టు నకలు చేయించవద్దు. పద్ధతి మాత్రం నేర్చుకుని, పిల్లలచేత తమ ఇంటినీ తమ వీధినీ వేయించవచ్చు.

పాత అట్టపెట్టెను విప్పి, దాని మీద జేగురూ జిగురూ కలిపి పూసి ఆరబెట్టాలి. గంటసేపు నానిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, అందులో ఒక చెంచా జిగురు కలపాలి. జిగురు లేకపోతే ఆరిన వెంటనే బొమ్మ పొరలుగా రాలిపోతుంది. కుంచె కొననక్కరలేదు, కొన నమిలిన వేపపుల్ల చాలు. మొదట అట్ట అంచుల వెంట చట్రం గీయించి, తరువాత దాని లోపల మనుషులు, చెట్లు, ఆవులు వేయించాలి. మనిషి బొమ్మ అంటే కొనలు కలిసేలా నిలిపిన రెండు త్రిభుజాలు, పైన ఒక గుండ్రం, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులు.

వయసును బట్టి పని మార్చడం ఇక్కడ తప్పనిసరి. చూసి గుండ్రం గీయడం పిల్లలకు మూడేళ్ళ ప్రాంతంలో వస్తుంది, త్రిభుజానికి దాదాపు అయిదేళ్ళు రావాలి. అందుచేత నాలుగేళ్ళ పిల్లవాడికి మూడు చుక్కలు పెట్టి ఇచ్చి ముగ్గులా కలపమనాలి. ఇంకా చిన్నవాళ్ళకు బంగాళాదుంప ముక్కను త్రిభుజంగా కోసి అచ్చుగా ఇవ్వాలి. తడిగా ఉన్నప్పుడు గీత సరిగా కనబడదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు కనబడటం లేదని పూసిన చోటే మళ్ళీ మళ్ళీ పూసి ముద్ద చేస్తారు. మార్గశిర లక్ష్మివారాల్లో ఒడియా ఇళ్ళ గుమ్మాల్లో ఇదే బియ్యప్పిండితో ఝొటి అనే ముగ్గులు వేస్తారు కనుక, ఆ నెలలో ఈ పని పెట్టుకుంటే చూసి నేర్చుకోవడానికి వీధి నిండా నమూనాలు ఉంటాయి.

అరటి డొప్ప పడవ

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియావాళ్ళు బొయిత బందాణ జరుపుతారు. బాలి, జావా, సుమత్రా దీవులకు సరుకుతో వెళ్ళిన పాతకాలపు వర్తకుల జ్ఞాపకంగా ఏటిలోనూ చెరువుల్లోనూ చిన్న పడవలు వదులుతారు. తెలుగు ఇళ్ళలో కార్తీక దీపాలూ, పోలి పాడ్యమి నాటి దీపాలూ అరటి డొప్పల్లోనే వదులుతారు కనుక ఒక్క చెట్టు బోదెతో రెండు పండుగలూ గడుస్తాయి.

గెల కొట్టేసిన చెట్టు బోదె నుంచి మూరెడు పొడవున డొప్ప ఒలవాలి. లోపల గాలి అరలు ఉండటం వల్లనే డొప్ప తేలుతుంది, అందుచేత అరలు నలగకుండా ఒలవడం ముఖ్యం. రెండు కొనలనూ పైకి మడిచి, కొబ్బరి ఈనె ముక్కలతో అడ్డంగా గుచ్చితే పడవ ఆకారం నిలుస్తుంది. ఒక ఈనెకు రంగు కాగితం అతికి తెరచాపగా నిలబెట్టాలి. అరటి బంక మరక బట్టల మీద పడితే వదలదు, పిల్లలకు పాత బట్టలే వేయాలి. థర్మోకోల్ పడవలు తేలికగా దొరుకుతాయి గానీ అవి ఏళ్ళ తరబడి నీళ్ళలోనే ఉండిపోతాయి. నీళ్ళ దగ్గర ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి చేయి పట్టుకుని ఉండాలి. చీకట్లో మెట్లు జారే రేవుకు బదులు ఇంట్లో పెద్ద గంగాళంలో వదిలినా పిల్లల సరదాకు లోటు ఉండదు.

కాగితపు గుజ్జు గిన్నె

చింపడం మీద మోజున్న వయసుకు ఇది సరైన పని. నాలుగు పాత దినపత్రికలను చిన్న ముక్కలుగా చింపించి, రాత్రంతా నానబెట్టి, నీళ్ళు పిండి రోట్లో దంచాలి. గుప్పెడు మెంతులు నానబెట్టి రుబ్బి కలిపితే గుజ్జు బాగా పట్టుకుంటుంది. మన అమ్మమ్మలు చేటలకూ బుట్టలకూ అలికింది ఈ గుజ్జునే. స్టీలు గిన్నెను బోర్లించి, నూనె రాసి, అరవేలు మందాన గుజ్జు అద్ది, రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టి తీయాలి. ఆషాఢ శ్రావణాల్లో ఈ పని పెట్టుకుంటే బూజు తప్ప గిన్నె రాదు. పత్రికల సిరా ఆహారానికి తగలకూడదు కనుక ఇందులో తినుబండారాలు వేయకుండా బొత్తాలు, పెన్సిళ్ళు వేసుకోవాలి.

గిన్నె అంచున అలంకారానికి గింజలు అతకాలనిపిస్తే కందులు, పెసలు, ధనియాలు వాడాలి. ఎర్రగా నల్లమచ్చతో ముచ్చటగా ఉండే గురివింద గింజలు తీవ్రమైన విషం. పగిలిన గింజ గానీ, దారానికి గుచ్చడానికి రంధ్రం చేసిన గింజ గానీ మరింత ప్రమాదం. అవి ఇంట్లో ఉంటే పిల్లలకు అందకుండా తీసివేయాలి.

తాటికాయల బండి

దీనికి జిగురుతో పని లేదు, వేసవిలో ముంజలు తిన్నాక మిగిలిన రెండు కాయలు చాలు. జానెడు వెదురు పుల్లను రెండు కాయలకూ ఇరుసుగా గుచ్చి, పొడవాటి పంగల కర్రను ఇరుసు మీద ఆనించి తోస్తే బండి నడుస్తుంది. కాయలు ఒకే పరిమాణంలో లేకపోతే బండి ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతుంది కాబట్టి ముంజలవాడి దగ్గరే సమంగా ఉన్నవి ఏరుకోవాలి. ఇరుసు కొనలు బయటికి పొడుచుకుని ఉంటే కోసి నున్నగా అరగదీయాలి. వారం తిరగకుండా కాయలు ఎండి ముడుచుకుపోతాయి; అప్పుడు వాటిని మాత్రం పారవేసి, కర్రనూ ఇరుసునూ దాచి, మళ్ళీ ముంజలు కొన్న రోజున కొత్త చక్రాలు తొడగవచ్చు.